చాదస్తం కాదు, వ్యాధి

ఇంటిలోని వృద్ధులు అడిగిన ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడిగితే తెలుగువారు ‘చాదస్తం’ అంటారు. ఉర్దూ మాట్లాడేవారు ‘సఠియా గయే’ అని నవ్వుకుంటారు. అరవై దాటినవారికి మతి తప్పడం సహజమేననే భావన ఈ మాటల వెనుక ఉన్నది. ఈ భావన సరియైనది కాదనీ, పైగా ప్రమాదకరమైనదనీ నా అభిప్రాయం.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలలో అగస్టె డీటర్ అనే స్త్రీని చేర్చారు. ఆమె వయస్సు 51 సంవత్సరాలు మాత్రమే. అయినా తన పేరును సరిగా వ్రాయలేని స్థితిలో ఉన్నది. 1906లో ఆమె మరణించిన పిమ్మట, డాక్టర్ అలోయిస్ ఆల్జ్‌హైమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. మెదడు కుంచించుకుపోయి ఉన్నది. కణాల మధ్య పేరుకొనిన ముద్దలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ ముద్దలు అమిలాయిడ్ అనే ప్రోటీనువనీ, పోగులు టౌ అనే ప్రోటీనువనీ తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. 51 ఏండ్ల స్త్రీని పీడించిన దానిని కేవలం వార్ధక్య లక్షణమని ఎట్లా అనగలం?

కొత్త జ్ఞాపకాలను భద్రపరచే హిప్పోకాంపస్ అనే భాగం ఈ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది. అందువల్లనే బాల్యపు ముచ్చట్లు వివరంగా చెప్పగల తాతగారు, ఉదయం భోంచేశారో లేదో చెప్పలేరు. క్రమంగా మాటలు తడబడతాయి. తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు. చివరకు కన్నబిడ్డలనే గుర్తించలేరు. కారణం ఒక్కటి కాదు. వయస్సు, వంశపారంపర్యంతోపాటు మధుమేహం, రక్తపోటు, పొగత్రాగుడు, వినికిడి లోపం, విద్యాలేమి కూడ ముప్పును పెంచుతాయి.

పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేనప్పుడు వైద్యుని వద్దకు పోయి ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చు. కాని ప్రతి మతిమరుపూ ఆల్జ్‌హైమర్ వ్యాధి కాదు. బి12 విటమిన్ లోపం వల్లనో, థైరాయిడ్ లోపం వల్లనో కలిగిన మరపు చాలావరకు చికిత్సకు లొంగుతుంది. చాదస్తమని కొట్టివేసిన ఇంటిలో ఆ అవకాశం కూడ చేజారిపోతుంది.

మన విద్యార్థులు గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకే భాష తెలిసినవారికంటె, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనిపించాయని అది తెలిపింది. చదువురానివారిలో సైతం ఈ తేడా ఉన్నది. ఇది వ్యాధి రాదనే హామీ కాదు. అయినా మనకింత మేలు చేయగల రెండు భాషలనూ నేర్పినవారు మన పెద్దలే. ఆ భాషలలో వారిని ఎగతాళి చేయడం మానుదాం. పదిసార్లు అడిగిన ప్రశ్నకు పదకొండవసారి కూడ ఓర్పుతో జవాబు చెప్పుదాం.