సర్వరులోని ఫైళ్ళు: యంత్రం బాధ్యత ఎంత, మన బాధ్యత ఎంత?

అమెరికాలోని తెలుగు సంఘాలు వెలువరించిన సంచికలు, ప్రదర్శించిన నాటకాలు, పిల్లలకు చెప్పిన పాఠాలు, సభల ఛాయాచిత్రాలు నేడు చాలావరకు ఏదో ఒక సర్వరులో ఫైళ్ళ రూపంలో ఉంటున్నాయి. సర్వరులో దాచినది ఎప్పటికీ భద్రమేనన్న నమ్మకం అనేకులలో బలంగా ఉంది. ఆ నమ్మకంలో కొంత మాత్రమే నిజం. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ళను ఏ విధంగా అమర్చుతుందో, అడిగినప్పుడు ఏ విధంగా వెదకి తెస్తుందో గ్రహిస్తే, అది కాపాడగలిగినదేదో, కాపాడలేనిదేదో స్పష్టమవుతుంది.

నేటి సర్వర్లలో అనేకం లినక్సు మీద నడుస్తున్నవి. లినక్సు అనుసరించేది యూనిక్సు పద్ధతి. 1969లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రే హిల్‌లో, బెల్ పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్సుకు రూపకల్పన చేశారు. ఒక డైరెక్టరీలో మరొక డైరెక్టరీ ఇమిడే వృక్షాకారపు అమరికను వారు అంతకు ముందరి మల్టిక్స్ వ్యవస్థ నుండి గ్రహించారు. యూనిక్సు చేసే పనులన్నింటిలోనూ ఫైళ్ళ నిర్వహణే ముఖ్యమైనదని 1974లో ప్రకటించిన వ్యాసంలో వారే పేర్కొన్నారు.

డిస్కు స్వతహాగా సంఖ్యలు వేసిన చిన్న చిన్న అరల వరుస మాత్రమే. ఏ అరలో ఏమున్నదో దానికి తెలియదు. అందుచేత ప్రతి ఫైలుకు ఒక వివరపత్రాన్ని ఏర్పరచారు. దానిని ఐనోడ్ అంటారు. ఫైలు పరిమాణం, యజమాని, ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న అనుమతులు, చివరిసారి మార్చిన సమయం, విషయం ఏ యే అరలలో ఉన్నదో తెలిపే చిరునామాలు అందులో ఉంటాయి. విచిత్రమేమంటే, ఫైలు పేరు మాత్రం అందులో ఉండదు. పేరు ఉండేది డైరెక్టరీలో. డైరెక్టరీ అనగా పేర్లకు ఎదురుగా ఐనోడ్ సంఖ్యలు వ్రాసిన పట్టిక.

'సంచికలు' అనే డైరెక్టరీలోని '1995'లో ఉన్న 'కవితలు' అనే ఫైలు కావాలని కోరితే, వ్యవస్థ మూల డైరెక్టరీ నుండి బయలుదేరుతుంది. ఒక్కొక్క పేరును పట్టికలో వెదకి, దాని ఐనోడ్‌ను తెరచి, అడిగినవారికి అనుమతి ఉన్నదో లేదో పరీక్షించి, తరువాతి మెట్టుకు పోతుంది. చివరి ఐనోడ్ దొరికిన పిమ్మటనే అరలలోని విషయం బయటకు వస్తుంది.

ఈ ఏర్పాటు వలన ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు ఉండవచ్చు. ఎన్ని పేర్లున్నవో ఐనోడ్ లెక్క పెట్టుకుంటుంది. ఒక పేరును తీసివేసినా విషయం చెక్కుచెదరదు. చివరి పేరు కూడా పోయి, ఆ ఫైలును ఏ ప్రోగ్రామూ వాడుతూ ఉండనప్పుడు ఆ అరలు ఇతరుల వాడకానికి వదలివేయబడతాయి. అయితే పేర్లు రెండైనంత మాత్రాన ప్రతులు రెండు కావు. డిస్కు చెడిననాడు అన్ని పేర్లూ ఒక్కసారే నిరర్థకమవుతాయి.

అంతకంటె గంభీరమైన పరిమితి మరొకటి ఉన్నది. యూనిక్సు దృష్టిలో ఫైలు అంటే బైట్ల వరుస, అంతే. ఆ వరుసను అది నమ్మకంగా తిరిగి ఇస్తుంది. దాని అర్థం చెప్పదు. 1990లలో తెలుగు అచ్చుకు వాడిన ఫాంట్లలో అనేకం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు అక్షరాల ముక్కలను అమర్చుకున్నవి. ఆనాటి ఫైలును ఈనాడు తెరిస్తే ప్రతి బైటూ యథాతథంగా ఉంటుంది. ఆ ఫాంటు లేనిచోట కనిపించేది మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేర ప్రసిద్ధమైన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఇంగ్లీషు లిపిలో వ్రాసుకున్న తెలుగు అందుకు భిన్నంగా నేటికీ చదవడానికి వీలుగానే ఉన్నది.

ఈ చిక్కుకు పరిష్కారం దొరకకపోలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. 1992లో అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలసి, న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో యు.టి.ఎఫ్.-8 అనే సంకేత పద్ధతిని రూపొందించారు. అందులో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. వెరసి 18 బైట్లు. తొలినాటి యూనిక్సులో ఫైలు పేరు 14 అక్షరాలకు మించరాదు. నేటి లినక్సులో సాధారణంగా 255 బైట్ల వరకు చెల్లుతుంది గనుక 85 తెలుగు సంకేతాలు పడతాయి. ఫైలుకు తెలుగులోనే పేరు పెట్టుకొనడానికి ఇక అడ్డేమీ లేదు.

పాత సంచికలు పి.డి.ఎఫ్. రూపంలో ఉన్నవి కదా, అది చాలదా అని కొందరు అడుగవచ్చు. కంటికి అది చాలును. కాని పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్.లో ఒక రచయిత పేరును వెదకబోతే తరచు ఏమీ దొరకదు. లోపల ఉన్నవి ఆ పాత సంకేతాలే. వెదకడానికి వీలులేని సంచిక ఎంత పదిలంగా ఉన్నా, మన పిల్లల తరానికి ఉపయోగపడేది తక్కువ.

కావున సంఘాలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పాత రచనలను యూనికోడ్‌లోకి మార్పించి, మూలప్రతితో సరిచూడాలి. ఫైళ్ళ యాజమాన్యం ఒక కార్యకర్త ఖాతాలో చిక్కుకొనరాదు. యజమానికి, బృందానికి, ఇతరులకు వేర్వేరు అనుమతులిచ్చే సౌకర్యం యూనిక్సు వ్యవస్థలలో ఉన్నది. కార్యవర్గం మారినా బృందం ఉంటుంది గనుక హక్కు బృందానికి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ప్రతులు వేర్వేరు డిస్కులలో, వేర్వేరు ఊళ్ళలో ఉండాలి. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించి, పాఠాలు సరిచూపించాడు. నేడు ప్రతి తీయడం క్షణంలో పని. సరిచూడడానికి మాత్రం ఇప్పటికీ తెలుగు చదువగలిగిన మనిషే కావాలి. ఆనాటి సంచికలను కూర్చినవారు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని ఆరంభించడం మేలు.