పెద్దవయసు – పొడుగుచొక్కా

ఉడుపు చిన్న విషయమని తలచువారు కలరు. పాఠము చక్కగా చెప్పిన జాలును, చీర కట్టిననేమి, చొక్కా తొడిగిననేమి యని వారి వాదము. ఆ వాదమే లోకము నిజముగా నమ్మినచో, ఎవరు ఏమి ధరించినను ఊరు మిన్నకుండవలెను. కాని ఊరు మిన్నకుండుట లేదు. ఏబదియైదేండ్ల ఉపాధ్యాయిని ఒకనాడు చీర మాని, మోకాళ్ల దిగువకు జారు పొడుగుచొక్కాయు సల్వారును తొడిగి బడికి వచ్చినచో, "ఈ వయసులో ఈమెకిదేమి ముచ్చట!" అని గుసగుసలు పుట్టును. కనుక విషయము అంత చిన్నది కాదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట మంచిది.

ఎలమంచిలి వంటి ఊరిని చూడుడు. ఇది చెన్నై – హౌరా రైలుమార్గముపైనను, 16వ నంబరు జాతీయ రహదారిపైనను ఉన్న పట్టణము. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్టణము జిల్లాను విభజించినప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. విశాఖనుండియో, అనకాపల్లినుండియో రైలులోనో బస్సులోనో వచ్చి, ఇచట దిగి, ఆటోలలో పల్లెబడులకు పోవు ఉపాధ్యాయినులు కలరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయసు 2022 జనవరి నుండి 62 ఏండ్లైనది. అనగా మోకాళ్లు నొచ్చు వయసులో, నడుము పట్టు వయసులో వారు రైలుపెట్టె మెట్లెక్కి దిగవలెను. ఒక చేత పుస్తకముల సంచి, ఒక చేత కుచ్చెళ్లు. కమ్మీ పట్టుకొనుటకు మూడవ చేయి లేదు. కుచ్చెలు కాలిక్రింద పడి తూలుట ఇరువదేండ్ల పిల్లకు నవ్వులాట కావచ్చును. అరువదేండ్ల ఆమెకు తుంటియెముక విరిగినచో నెలల తరబడి మంచమే గతి.

మన పెద్దయాడువారు పొడుగుచొక్కా నెరుగనివారు కారు. వరినాట్లనాడు పొలముగట్టున నిలిచి చూచినచో తెలియును. అరువది దాటిన కూలితల్లి చీరను మోకాలివరకు ఎగగట్టి, చెంగు నడుమున బిగించి దోపి, పైన ఇంటి మగవాని పాతచొక్కా తొడిగికొనును. చేతులు ఎండకు కమలవు, ఆకు కోయదు, చెంగు జారదు. ఆమెను చూచి ఎవరును నవ్వరు. పట్టణములో పెద్ద ఇల్లాలు ఇంట నైటీ తొడిగి, వాకిట కూరలబండి కేక వినబడినంతనే భుజములపై తువ్వాలు కప్పుకొని బయటికి వచ్చును. ఆమెను చూచియు ఎవరును నవ్వరు. ఆ రెండును పొడుగుచొక్కాలే. ఒకటి పొలము పనికి, ఒకటి ఇంటి పనికి. ఆ తల్లియే కొలతకు కుట్టించుకొన్న మంచి చొక్కాతో బడికో, బ్యాంకుకో, పేరంటమునకో బయలుదేరినప్పుడు మాత్రమే మనకు నవ్వు వచ్చును. ఆమె చాకిరికొరకు ఉడుపు మార్చుకొనవచ్చును, తన సుఖముకొరకు మార్చుకొనరాదు అని గదా ఆ నవ్వునకు అర్థము! ఇది న్యాయమా?

ఉడుపుతో స్త్రీని శిక్షించుట మన సంఘమునకు క్రొత్త కాదు. వితంతువునకు తల గొరిగించి, రంగుచీర మాన్పించి మూల కూర్చుండబెట్టిన కాలము మరీ దూరపుది కాదు. ఎలమంచిలికి చేరువనున్న రాయవరములో జన్మించిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1897లో అచ్చైనది. బాలవితంతువుల బ్రతుకు ఎట్టిదో ఆ నాటకము లోకమునకు చూపినది. తల గొరిగించు ఆచారము పోయినది, దాని నీడ మాత్రము పూర్తిగా పోలేదు. "ఈ వయసులో ఎరుపెందుకు?", "ఈ వయసులో పూలెందుకు?" అను ప్రశ్నలు ఇప్పటికిని వినబడుచున్నవి. "ఈ వయసులో చొక్కా యెందుకు?" అనునది ఆ కుటుంబములోనిదే.

చీర మన సంప్రదాయము గదా యని కొందరందురు. నిజమే. చీరను నిందించుట నా యుద్దేశము కాదు, దానియందము దానికి కలదు. కాని సంప్రదాయమనునది నిలువనీరు కాదు. పావడ, జాకెట్టులతో చీర కట్టు తీరును బెంగాలులో ప్రచారము చేసినది ఠాగూరు కుటుంబపు కోడలు జ్ఞానదానందినీ దేవి. 19వ శతాబ్దిలో బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూచి ఆమె ఈ మార్పు తెచ్చినది. బయటికి రావలసిన పని కలిగినప్పుడు ఆ కాలపు స్త్రీలు ఉడుపును పనికి తగినట్లు దిద్దుకొనిరి. నేటి పెద్దవారు కోరునదియు అంతకన్న ఎక్కువ కాదు.

ప్రభుత్వముల మాట చూతము. కేరళ ఉన్నతవిద్యాశాఖ 2021 నవంబరులో, అధ్యాపికలు చీరయే కట్టవలెనను నిర్బంధము తగదని తెలిపినది. మహారాష్ట్ర ప్రభుత్వము 2024 మార్చిలో ఉపాధ్యాయుల ఉడుపును గూర్చి ఉత్తరువు చేసి, పురుషులు చొక్కాను లోపలికి దోపుకొనవలెననియు, స్త్రీలు చీరగాని, చున్నీతోకూడ సల్వారు, చుడీదారులుగాని ధరింపవలెననియు చెప్పినది. నియమము విధించిన ఉత్తరువు సైతము పొడుగుచొక్కాను అమర్యాద యనలేదు. కనుక మన యభ్యంతరము చట్టములోనిది కాదు, చూచువారి కంటిలోనిది.

అయితే ఏదో ఒక చొక్కా తగిలించుకొన్న జాలునా? చాలదు. అంగళ్లలో వ్రేలాడు చొక్కాలలో పెక్కు పడుచుపిల్లల కొలతలకు కుట్టినవే. ఆ నమూనానే వెడల్పు చేసి పెద్దవారికి అమ్ముదురు. వెడల్పు చేసినంత మాత్రమున కుదురదు. భుజపుకుట్టు చేతిపైకి జారును, చంక క్రిందికి దిగును, నల్లబల్లపై వ్రాయుటకు చేయి ఎత్తినచో చొక్కా అంతయు పైకి లేచును. వయసుతో వీపు కొంచెము వంగును, పొట్ట కొంచెము ముందుకు వచ్చును. వీపు వంగినవారికి వెనుకభాగమునకు నిడివి చేర్చవలెను. పొట్టగలవారికి ముందుభాగమునకు నిడివి చేర్చవలెను. లేనిచో అంచు ఒకవైపు లేచి, ఒకవైపు వ్రేలాడును. భుజపుకుట్టు భుజము ఎముక చివర నిలువవలెను. ప్రక్కచీలిక తుంటికి కొంచెము దిగువన మొదలైనచో మెట్లకు అడ్డుపడదు, గాలికి ఎగురదు. అంచు పిక్క లావుగానున్నచోట ఆగినచో మనిషి పొట్టిగా కనబడును. మోకాలికి కొంచెము క్రిందగాని, పిక్క సన్నబడుచోటగాని ఆగినచో పొడవుగా కనబడును. చేతులు మోచేతిని దాటినచో నిండుగా ఉండును. కళ్లజోడుకు, సెల్‌ఫోనుకు ఒక జేబు తప్పక ఉండవలెను. జేబు అడిగిన స్త్రీని చూచి దర్జీ నవ్వినచో, ఆమె మరియొక దర్జీని వెదకుకొనవచ్చును.

ఇక దోపుట. కుచ్చెళ్లు బొడ్డువద్ద దోపి, చెంగు నడుమున దోపి బ్రతికినవారికి ఈ విద్య వేరుగా నేర్పనక్కరలేదు. పొడుగుచొక్కాను మొత్తముగా లోపలికి కుక్కి నడికట్టు బిగించినచో గుడ్డ లోపల ఉండకట్టును, పొట్ట ఎత్తుగా తోచును. ముందురేకులో నడిమి భాగమును మాత్రము లాగులోనికో, పావడలోనికో దోపి, కొంచెము పైకి లాగి వదులుచేసి, ప్రక్కలను వెనుకను జారవిడువవలెను. అప్పుడు నడుము జాడ తెలియును, పొట్ట మరుగుపడును, వెనుకభాగము నిండుగా కప్పబడును. ఇది మెత్తని మల్లుగుడ్డకు చెల్లును. గంజిపెట్టిన ఖద్దరును దోపినచో బుట్టవలె ఉబ్బును, దానిని విడిచిపెట్టుటయే అందము. పిక్కలవరకు దిగు చొక్కాను దోపనే రాదు. చున్నీని ఒక భుజమునుండి నిలువుగా జారవిడిచి, భుజమువద్ద పిన్నీసు పెట్టినచో నిలువుగీత ఏర్పడి ఆకృతి సన్నముగా తోచును. ఆటోచక్రములో చిక్కుకొనునంత పొడవుగా మాత్రము దానిని విడువరాదు.

ఇంత చెప్పుట వయసును దాచుకొనుమని కాదు. ఎలమంచిలి మండలములోని ఏటికొప్పాకలో అంకుడుకర్రతో లక్కబొమ్మలు చేయువారు కర్ర కొలతను చూచి బొమ్మను నిర్ణయింతురు. బొమ్మకొరకు సన్నకర్రను లావు చేయజాలరు గదా! దర్జీయు మేనిని చూచి చొక్కాను కత్తిరింపవలెను. చొక్కాకు సరిపోలేదని మేనిని నిందింపరాదు. "నా ఒళ్లు బాగుండలేదు, ఏది వేసినను నప్పదు" అని నిట్టూర్చు తల్లులలో చాలమందికి నప్పనిది ఒళ్లు కాదు, కత్తిరింపు.

ఇందొక వింత కూడ కలదు. ఎలమంచిలికి చేరువనే అచ్యుతాపురములో బ్రాండిక్స్ వస్త్రనగరమున్నది. చుట్టుపట్ల పల్లెల స్త్రీలు వేలకొలదిగా అచట కుట్టుయంత్రములముందు కూర్చుండి విదేశములకు పోవు దుస్తులు కుట్టుచున్నారు. ఎచటనో ఉన్నవారి కొలతలకు అంగుళము తప్పకుండ కుట్టగల చేతులు ఇచటనే ఉండగా, ఈ యూరి పెద్దామెకు భుజము సరిపోవు చొక్కా దొరకుట కష్టమగుచున్నది. నేర్పు కొరవడి కాదు, అడుగువారు లేకపోవుటచే. అడుగువారు లేకపోవుట ఎవరేమనుకొందురో అను జంకుచే.

ఆ జంకును పోగొట్టుట ఉపాధ్యాయుల చేతిలోను, విద్యార్థుల చేతిలోను కలదు. సహోపాధ్యాయిని క్రొత్త ఉడుపుతో వచ్చిననాడు గుసగుసలు మాని మామూలుగా పలుకరించిన జాలును. కుట్టుపని నేర్పు బడులలో బాలికలకే కాక బాలురకును నేర్పి, అమ్మమ్మకో నాయనమ్మకో కొలతలు తీసి చొక్కా కుట్టు పనిని అభ్యాసముగా నీయవచ్చును. వీపు కొలత, చంక కొలత, అంచు నిడివి తీయుటలో లెక్కయు వచ్చును, పెద్దవారి మేని కష్టమేమో పిల్లవానికి తెలిసియు వచ్చును. ఆ నాయనమ్మ చీరయే కట్టెదనన్నచో కట్టనిండు, చొక్కా తొడిగెదనన్నచో తొడుగనిండు. కోరుకొనుట ఆమె వంతు. ఆమె రైలుమెట్టు దిగునప్పుడు కమ్మీ పట్టుకొనుటకు ఒక చేయి ఖాళీగా ఉండునట్లు చూచుట మన వంతు.