చెవికెక్కిన శాస్త్రమే ప్రాణం నిలుపుతుంది

పరిశోధన ఫలితం పండితుల పత్రికలో అచ్చయినంత మాత్రాన రోగికి మేలు కలుగదు. అది ఇల్లాలి చెవిన పడాలి, మనసున నిలవాలి, వేళకు ఆచరణలోకి రావాలి. ఈ మూడింటినీ నెరవేర్చగల సాధనం కథ. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న డిజిటల్ కథన పద్ధతిలో సామాన్యులే తమ అనుభవాన్ని సొంత గొంతుతో, సొంత ఛాయాచిత్రాలతో రెండు మూడు నిమిషాల చిత్రంగా మలుస్తారు. నేడు అటువంటివి సెల్‌ఫోను ద్వారా ఇంటింటికీ చేరుతున్నవి. వీటిని చూసి ముఖం చిట్లించుకునే వైద్యులున్నారు. వారి అయిష్టం సమంజసం కాదని నా అభిప్రాయం.

మన శాస్త్రం కథను ఎన్నడు దూరం పెట్టింది? ఊళ్లకు ఊళ్లను కబళించే వ్యాధుల విషయాన్ని చరక సంహిత విమానస్థానం వట్టి సూత్రాలుగా చెప్పలేదు. వేసవి చివర, కాంపిల్య నగర సమీపాన, గంగాతీర వనంలో నడుస్తూ ఆత్రేయ మహర్షి అగ్నివేశునికి బోధించినట్లు చెప్పింది. గురుకులంలో వల్లె వేసేటప్పుడు ఆ నదీతీరం కళ్ల ముందు నిలిచేది. విషయం దాని వెంట వచ్చేది.

ఇక ఆధునిక నిదర్శనం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలాన బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలని స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీటిని త్రాగించగా మరణాలు నూటికి 4 లోపునకు దిగినవి. గ్లూకోజు తోడైతే ప్రేగులు ఉప్పును, దానితోపాటు నీటిని గ్రహిస్తాయన్నది పరిశోధనలో తేలిన సత్యం. ఆ సత్యాన్ని పల్లెలకు చేర్చినది బ్రాక్ సంస్థ. 1980 నుంచి పదేళ్లపాటు దాని కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి, మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీరు అని కోటికి పైగా తల్లులకు నేర్పారు. తల్లులకు ఎంత గుర్తున్నదో పరీక్షించి, దానిని బట్టే కార్యకర్తలకు ప్రతిఫలమిచ్చారు. డిజిటల్ కథకులకు ఇంతకు మించిన పాఠం లేదు.

అయితే కథకు ఎంత బలమో అంత ప్రమాదం. "ఈ ఆకుతో మా మామయ్యకు మధుమేహం పోయింది" అనే కథ కూడా అదే తెర మీద, అంతే హృద్యంగా వస్తుంది. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని చరకం నాలుగు పరీక్షలు చెప్పింది. ఒక్కరి స్వస్థత వాటికి బదులు కాదు. మందు మాని ఆకును నమ్మిన రోగికి జరిగే హానికి ఆ కథకుడు బాధ్యుడు కాడా?

కనుక మూడు నియమాలు కోరుతున్నాను. కథ పరిశోధనలో నిగ్గు తేలిన విషయాన్నే మోయాలి. మోతాదు తప్పరాదు: లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి. ఉప్పు హెచ్చితే బిడ్డకు చేటు, ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే శ్రేష్ఠం. బిడ్డ సోలిపోయినా, త్రాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న మాటతో కథ ముగియాలి.

వైద్య మిత్రులారా, మనం మౌనం వహిస్తే ఆ తెరను అబద్ధం ఆక్రమిస్తుంది. మీ ఊరి యాసలో, మీ ఊరి తల్లి గొంతుతో, ఆమె అనుమతితో ఒక్క సత్యమైన కథ చెప్పించండి. చూసినవారిని తిరిగి చెప్పమనండి. వారు తప్పు లేకుండా చెప్పగలిగిన నాడే మన బోధ ఫలించినట్లు.