ప్రామ్ నవల చదివితే పరువు పోతుందా?

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ నాన్నలకి రెండు భయాలు. ఒకటి వీసా, రెండోది హైస్కూల్లో అమ్మాయి ప్రామ్. మొదటిదానికి లాయరున్నాడు. రెండోదానికి ఎవరూ లేరు కాబట్టి ఎవరికి తోచిన చట్టం వాళ్లు చేసుకున్నారు. డాన్సుకి వెళ్లకూడదు, ఆ డాన్సు చుట్టూ అల్లిన ప్రేమకథల పుస్తకాలు ఇంట్లోకి రాకూడదు. మొన్నొక పాట్‌లక్‌లో ఒకాయన, కూతురు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న అలాంటి నవలని వెనక్కి ఇచ్చేయించానని గర్వంగా చెప్పాడు. అందులో ఏముందండీ అంటే, "చదవలేదు, అట్ట చూస్తే తెలీట్లా?" అన్నాడు. ఫైలు తెరవకుండానే కోడ్ రివ్యూలో రిజెక్ట్ కొట్టేవాణ్ణి ఆఫీసులో ఏమంటామో మీకు తెలుసు.

అసలా కథల్లో ఏముంటుందో చెప్తాను. చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్న ఇద్దరు స్నేహితులు ఏదో గొడవతో విడిపోయి ఉంటారు. రెండేళ్లుగా మాటల్లేవు. ఈలోగా ఇద్దరూ ప్రామ్ కమిటీలో పడతారు. హాలు బుక్ చెయ్యాలి, టికెట్ ధర తేల్చాలి, డీజేని మాట్లాడాలి, చందాలకి కేకులమ్మాలి, కార్లు కడగాలి. పాత కోపం పక్కన పెడితే తప్ప పని కాదు. పని చేస్తూ చేస్తూ అసలు గొడవ ఏమిటో బయటపడుతుంది. చివర్లో ప్రేమ. అవును, ముగింపు ముందే తెలిసిపోతుంది. మన సినిమాల్లో తెలీదా ఏం?

నన్నడిగితే ఇందులో ప్రేమ పావలా వంతే. మిగతా ముప్పావలా, పడని మనిషితో కలిసి గడువులోగా పని పూర్తి చెయ్యడం ఎలాగో చెప్పే పాఠం. మన టీముల్లో కరువైంది సరిగ్గా ఇదే. జావా వచ్చినవాళ్లు బోలెడుమంది. నిన్న మీటింగులో తిట్టుకున్నవాడితో ఇవాళ కూర్చుని బగ్ వెతకగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ర్యాంకుల కోసం హాస్టళ్లలో రెండేళ్లు బంధించి చదివించిన తరం మనది. పక్క బెంచీవాడు మనకి పోటీదారు, అంతే. వాడితో పోట్లాడి మళ్లీ కలవడానికి టైం టేబుల్లో పీరియడ్ ఎక్కడుంది?

లారీ హాల్స్ ఆండర్సన్ 2005లో 'ప్రామ్' అనే నవల రాసింది. లెక్కల టీచరు ప్రామ్ డబ్బు కాజేస్తే, ఆ డాన్సంటే అస్సలు పట్టని అమ్మాయి తన స్నేహితురాలి కోసం దాన్ని నిలబెట్టే పనిలోకి దిగుతుంది. ఇందులో చెడిపోయేది ఎక్కడో చూపించండి. మన పిల్లలకి ఆ కథలు అతకవంటారా? సంధ్యా మేనన్ 2017లో రాసిన 'వెన్ డింపుల్ మెట్ రిషి'లో అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కోకి కోడింగ్ నేర్చుకోవడానికి వెళ్తుంది. అక్కడికొచ్చిన అబ్బాయిని పెద్దవాళ్లు ముందే చూసిపెట్టి ఉంటారు. ఇంతకంటే మనకి దగ్గరి కథ ఇంకేం కావాలి?

పుస్తకాల సంగతి వదిలేసినా, డాన్సు ఏర్పాట్లంటే తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. జార్జియాలోని విల్‌కాక్స్ కౌంటీలో బడి ఒకటే, ప్రామ్‌లు మాత్రం తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. బడి తరఫున ప్రామ్ పెట్టేవాళ్లు కాదు, తల్లిదండ్రులే విడివిడిగా జరిపేవాళ్లు. 2013లో నలుగురు అమ్మాయిలు, ఇద్దరు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు, చందాలు పోగుచేసి అందరికీ కలిపి ఒక ప్రామ్ పెట్టారు. మరుసటి ఏడాది బడే పెట్టింది. పెద్దలు దశాబ్దాలుగా చెయ్యలేని పని పిల్లల కమిటీ చేసింది! కులానికో సంఘం పెట్టుకుని వేరువేరుగా వనభోజనాలు చేసుకునే మనం వాళ్లకి సంస్కృతి నేర్పుతామా?

ఇక మన ఇళ్లలో సంగతి. 1960లు, 70ల్లో మన అమ్మలు, అమ్మమ్మలు యద్దనపూడి సులోచనారాణి సీరియళ్ల కోసం వారం వారం ఎదురుచూశారు. క్లాసు పుస్తకాల మధ్య దాచుకుని చదివినవాళ్లూ ఉన్నారు. 'సెక్రటరీ' 1976లో సినిమా కూడా అయింది. అందగాడు, కారు, అపార్థం, చివరికి పెళ్లి. అవి చదివిన తరం చెడిపోయిందా? ఆ తరమే మనల్ని ఇంజనీర్లని చేసింది. 2007లో 'హ్యాపీడేస్' చూసి మన కాలేజీ రోజులు గుర్తొచ్చాయని కళ్లు తుడుచుకున్నాం. మనకైతే తీపి గుర్తులు, పిల్లలకైతే పాడు అలవాట్లా? ఇదెక్కడి న్యాయం బాబూ!

ప్రామ్‌లో తప్పులేమీ లేవని నేననడం లేదు. డ్రస్సుకీ లిమోకీ వందల డాలర్లు పోస్తారు. జోడీ దొరకని పిల్లలు చిన్నబోతారు. తర్వాత జరిగే పార్టీల్లో తాగి కారు నడిపేవాళ్లుంటారు. ఈ భయాలు నిజమైనవే. కానీ వాటికి మందు నిషేధం కాదు. ఎంత ఖర్చు పెట్టొచ్చు, ఎవరి కారులో వెళ్లాలి, ఎన్నింటికి ఇంటికి రావాలి, ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోవాలి. వద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తే పిల్లలు ఆగరు. స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటున్నామని చెప్పి వెళ్తారు. అప్పుడు అర్ధరాత్రి ఏదైనా అయితే, తిడతాడన్న భయంతో ముందు నాన్నకి మాత్రం ఫోన్ చెయ్యరు. మనం పోగొట్టుకునేది పరువు కాదండీ, ఆ ఫోన్‌కాల్.

కాబట్టి నాదొక్కటే డిమాండు. ఆ పుస్తకం వెనక్కిచ్చే ముందు మీరొకసారి చదవండి. మూడొందల పేజీలు, ఒక వీకెండు పని. నచ్చకపోతే ఏ పేజీలో ఏం నచ్చలేదో అమ్మాయికి చెప్పండి. ఆ పిల్ల తిరిగి వాదిస్తుంది, వాదించనివ్వండి. పదహారేళ్ల పిల్ల మీతో ప్రేమ గురించి, స్నేహం గురించి అరగంట మాట్లాడిందంటే ఆ నవల ఖరీదు వచ్చేసినట్టే. లైబ్రరీ పుస్తకం కాబట్టి అదీ ఫ్రీ!