మూగ దుఃఖం



చావు జరిగిన ఇంట్లో ఒకరు గుండెలు బాదుకొని ఏడుస్తారు. మరొకరు మూల కూర్చుని ఒక్క కన్నీటి చుక్క రాల్చరు. "కొంచెమైనా బాధ లేదే" అని చుట్టూ ఉన్నవారు గుసగుసలాడతారు. పైకి కనబడేదానిని బట్టి అలా తీర్పు తీర్చవచ్చునా?

చైనా దేశంలో క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో జువాంగ్‌జీ అనే తావో మార్గపు జ్ఞాని ఉండేవాడు. ఆయన పేరు మీద ఉన్న గ్రంథంలో ఒక ముసలి జాలరి కథ ఉన్నది. ఆచార మర్యాదలు బోధించే కన్ఫ్యూషియస్‌తో ఆ జాలరి అన్నదాని సారాంశం ఇది: తెచ్చిపెట్టుకున్న ఏడ్పులో దుఃఖం ఉండదు, నిజమైన దుఃఖానికి శబ్దం అక్కరలేదు. నటించే కోపానికి ఎవరూ భయపడరు. ఆచారాలు లోకులు ఏర్పరచినవి. నిజమైన స్వభావం పైనుండి కలిగినది. దానిని కప్పివేయకుండా ఉంటే చాలు.

ఎన్నో శతాబ్దాల తరువాత ఫ్రాన్సులో జాన్ పాల్ సార్త్ర్ కూడా నటనను తప్పుపట్టాడు. 1943లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఒక కాఫీ హోటలు సర్వరును చూపించాడు. అతని నడక, వంగడం, పళ్లెం పట్టే తీరు అన్నీ కాస్త అతిగా ఉంటాయి. అతడు సర్వరు వేషం ఆడుతున్నాడు. అయితే సార్త్ర్ దేవుడు లేడన్నవాడు. గనుక మనిషికి ముందుగా ఇవ్వబడిన స్వభావమే లేదనీ, తన నిర్ణయాలతోనే తన్ను తాను చేసుకుంటాడనీ చెప్పాడు. దీనినే అస్తిత్వవాదం అంటారు.

యుద్ధకాలంలో తన సలహా కోరి వచ్చిన ఒక విద్యార్థి సంగతి ఆయన 1945లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. అతని అన్న 1940లో జర్మనుల దాడిలో చనిపోయాడు. తల్లికి మిగిలిన ఆదరణ ఇతడొక్కడే. ఇంగ్లాండు వెళ్లి సైన్యంలో చేరాలా, తల్లి దగ్గర ఉండాలా? నీకు స్వేచ్ఛ ఉన్నది, నీవే ఎన్నుకోవాలని సార్త్ర్ జవాబిచ్చాడు.

ఆ యువకుని రెండు కోరికలూ నిజమైనవే. నటన మానినంత మాత్రాన అతనికి దారి దొరకదు. ఒకటి ఎన్నుకొని దాని భారం మోయాలి. దుఃఖం అలాంటిది కాదు. దానిని ఎన్నుకోలేము, బలవంతంగా రప్పించలేము. జాలరి మాట దుఃఖానికి, సార్త్ర్ మాట నిర్ణయానికి తగినవని నాకు తోస్తుంది.

మనమైతే దీనిని తరచుగా తలక్రిందులు చేస్తాం. ఏడ్వలేనివారిని ఏడ్వమంటాం. పట్నం పనికి పోవాలా, తల్లిని చూసుకోవాలా అని నలిగే కొడుకుతో "చూద్దాంలే, అదే తేలుతుంది" అంటాం. మూల కూర్చున్నవారి ప్రక్కన ఊరకనే కూర్చుందాం. ఆ కొడుకుతో మాత్రం మనసు విప్పి మాట్లాడదాం. నిర్ణయం అతనిదే.