పరంజాకి ట్యాగ్ చూస్తాం, బండి బ్రేకులు ఎవరు చూస్తున్నారు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. యూట్ వెనక బ్రేకులు ఇంటి దగ్గరే బాగు చేసుకోవడం గురించి.

ఆల్బనీలో మేము నలుగురం డబ్బులు వేసుకుని పాత హైలక్స్ ఒకటి కొన్నాం. నలుగురం అందులోనే సైటుకి పోతాం. పోయిన ఏడాది వెనక లైనర్లు మేమే మార్చాం, అందులో తప్పు కూడా చేశాం. ముందు ఆ తప్పు చెప్తాం, తర్వాత మా అభిప్రాయం చెప్తాం.

ఆ ఆదివారం చీకటి పడేలోపు అయిపోవాలని రెండు చక్రాల డ్రమ్ములూ ఒకేసారి విప్పేశాం. షూలు, స్ప్రింగులు, అడ్జస్టర్లు అన్నీ ఒకే బకెట్లో వేశాం. కుడి చక్రం అడ్జస్టర్ మర ఒక వైపు తిరుగుతుంది, ఎడమ చక్రంది ఇంకో వైపు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. మేము అటుది ఇటు బిగించాం. లైనర్ అరిగేకొద్దీ షూని డ్రమ్ము దగ్గరకి జరపాల్సిన అడ్జస్టర్, రోజూ కాస్త కాస్త దూరం జరుపుతూ పోయింది.

కొన్ని వారాలకి పెడల్ కిందకి దిగడం మొదలైంది. హ్యాండ్ బ్రేక్ పైదాకా లాగితే గానీ పట్టట్లేదు. నడిపే మాకు తెలుస్తూనే ఉంది, పక్కన కూర్చున్న మాకూ తెలుస్తూనే ఉంది. అందరం ఒకటే మాట, "ఏం కాదులే". ఒకరోజు సిమెంటు బస్తాలు వేసుకుని డెయిరీ ఫ్లాట్ నుంచి ఆల్బనీ హిల్ దిగుతుంటే పెడల్ నేలకి తగిలినంత పని అయింది. రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, సిగ్నల్ గీత దాటి ఆపాం. అడ్డంగా ఏ బండీ రాలేదు కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాం.

ఇది విని "అందుకే బ్రేకులు ఇంట్లో ముట్టుకోవద్దు" అంటారు కొందరు. మేము ఒప్పుకోం. సొంత బండి బ్రేకులు సొంతంగా బాగు చేసుకోవద్దని ఇక్కడ చట్టం లేదు. సెంట్రింగ్ కొట్టే చేతులకి, ఇనుము వంచే చేతులకి ఇది రాని పని కాదు. మెకానిక్‌కి ఇచ్చే కూలీ మిగిల్చుకుని ఊరికి పంపుకోవడం తప్పు కాదు. అయితే సైటులో పని చేసినట్టే చెయ్యాలి. మేము అక్కడే తప్పాం.

సైటులో చేసినట్టు అంటే ఏంటి? ఆక్లండ్‌లో ఇళ్ల ముందు చాలాచోట్ల వాలుగానే ఉంటుంది. వాలులో బండి ఎత్తొద్దు, సమంగా ఉన్న కాంక్రీటు వెతుక్కోండి. డ్రమ్ము రావాలంటే హ్యాండ్ బ్రేక్ వదిలెయ్యాలి, అందుకని ముందు టైర్లకి ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా పెట్టాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే, బండి నిలబడాల్సింది స్టాండ్ల మీద. డ్రమ్ము పట్టేస్తే సుత్తితో బాదకండి. హైలక్స్ డ్రమ్ముకి రెండు మర బెజ్జాలు ఉంటాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తూ పోతే అదే బయటికి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పాలి. విప్పని వైపే మీకు నమూనా. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. లైనర్లు మాత్రం రెండు చక్రాలకీ కలిపే మార్చాలి.

డ్రమ్ములో ఉన్న దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, చీపురుతో ఊడ్వొద్దు. పాత ఇళ్లు కూల్చేటప్పుడు ఆస్బెస్టాస్ అంటే ఎంత భయపడతామో మనకి తెలుసు. పాత బ్రేక్ లైనర్లలో కూడా అదే ఉండేది. ఆస్బెస్టాస్ సరుకు దిగుమతిని ఈ దేశం ఆపింది 2016 అక్టోబర్ 1 నుంచే. పాత బండిలో ఏముందో కంటికి తెలీదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారెయ్యండి. మాస్కు పెట్టుకోండి.

ఎక్కడ ఆగాలో కూడా చెప్తాం. వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూస్తే తడిగా ఉందా, లైనర్ మీద ఆయిల్ పడిందా, డ్రమ్ము దాని మీద చెక్కి ఉన్న కొలత దాటి అరిగిందా, అయితే అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. అంతా బాగుంటే బిగించి, కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా చూసుకుని, తర్వాత మెషిన్ మీద బ్రేక్ టెస్ట్ చేయించండి. "వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ పాసైంది కదా" అనుకోవద్దు. ఆ చెకింగులో డ్రమ్ము విప్పి లోపల చూడరు. ఖాళీ బండిలో ముందు బ్రేకులే ఎక్కువ పని చేస్తాయి కాబట్టి వెనక లోపం అంతగా తెలీదు. లోడు వేసి దిగుడులోకి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఇంకొక్క మాట. ఇదంతా మన సొంత బండికే. కంపెనీ బండి బ్రేకులు బాగాలేకపోతే ఆదివారం మనం ఊరికే బాగు చేసి పెట్టడం మంచితనం కాదు. అది యజమాని బాధ్యత. వీసా ఆయన చేతిలో ఉందని నోరు మూసుకుని ఎక్కుతున్న తమ్ముళ్లు చాలామంది ఉన్నారు, ఆ భయం మాకూ తెలుసు. కానీ 2015 నాటి ఆరోగ్య, భద్రతా చట్టం ప్రకారం ప్రాణానికి ముప్పు ఉందని సరైన కారణంతో అనిపిస్తే ఆ పని ఆపే హక్కు మనకి ఉంది. వెంటనే యజమానికి చెప్పాలి. నోటితో చెప్పి వదిలెయ్యకుండా మెసేజ్ పెట్టండి, అది సాక్ష్యంగా ఉంటుంది. వినకపోతే వర్క్‌సేఫ్ ఉంది.

పరంజాకి ట్యాగ్ లేకపోతే ఒక్కరం కూడా ఎక్కం. నలుగురు ప్రాణాలు పెట్టే బండికి మాత్రం ట్యాగ్ అడగం. ఇప్పుడు మా బండిలో ఒక నోటుబుక్ ఉంది. బిగించినవాడు ఒకడు, చూసినవాడు ఇంకొకడు, ఇద్దరూ తేదీ వేసి సంతకం పెడతారు. పెడల్‌లో తేడా ఉందని నలుగురిలో ఎవరు అన్నా ఆ రోజు బండి కదలదు. "ఏం కాదులే" అనే మాట మా బండిలో బంద్. ఆలస్యం అయితే ఒక పూట కూలీ పోతుంది, అంతే.

మీ బండి హ్యాండ్ బ్రేక్ ఎంత పైకి వస్తోందో రేపు పొద్దున ఎక్కేటప్పుడు ఒకసారి లాగి చూడండి.