మొటిమల మాత్ర వేసుకుంటున్నారా? ముందు ఇది చదవండి

పెళ్లి ముహూర్తానికి ముఖం నున్నగా ఉండాలన్న ఆరాటం సహజమే. కానీ అమ్మాయిలూ, మీరు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్ ఒక్కసారి తిప్పి చూడండి. ఐసోట్రెటినాయిన్ అని ఉందా? ఈ మాటలు మీకోసమే.

మొండి మొటిమలకు అది మంచి మందే. కడుపులో బిడ్డకు మాత్రం గండం. పిండంలో ప్రతి కణానికీ ఉండేవి అవే జన్యువులు. ఏది ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో తేలితేనే తల తలగా, వెన్ను వెన్నుగా ఏర్పడతాయి. ఆ ఆదేశాలిచ్చే వాటిలో విటమిన్ ఎ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం ఒకటి. ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో తేల్చే హాక్స్ జన్యువులను పనిలోకి దింపడంలో దానికి పాత్ర ఉంది. తల ఏర్పడే చోట అది పోగుపడకుండా పిండం ఎంజైములతో విరగ్గొట్టుకుంటుంది. అంత ఆచితూచి వాడుకుంటుంది. ఈ మాత్ర సరిగ్గా ఆ జాతి మందే. రక్తంలో అది నిండితే ఆ కాపలా చాలదు. గర్భస్రావం కావచ్చు. చెవులు ఏర్పడకపోవచ్చు. గుండె, మెదడు దెబ్బతినవచ్చు. 1982లో అమెరికాలో ఈ మందు వచ్చింది. 1985కల్లా ఇలా పుట్టిన బిడ్డల వివరాలు వైద్య పత్రికలకెక్కాయి. ఇప్పుడు అక్కడ గర్భం లేదని నెలనెలా పరీక్షలో తేలాకే ఆడవాళ్లకు ఇస్తారు. మన దగ్గరేమో స్నేహితురాలు వాడగా మిగిలినవి కూడా మింగేస్తున్నారు!

నెల తప్పగానే ఆపేద్దాంలే అనుకోకండి. అప్పటికే పిండానికి రెండు వారాలు. మరో వారానికి గుండె కొట్టుకుంటుంది. ఆ పై వారానికల్లా మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం మూసుకుంటుంది. కొందరు టెస్ట్ కిట్ కొనేది ఆ తర్వాతే.

అందుకే బతిమాలుతున్నాను. డాక్టర్ రాయకుండా వాడొద్దు. పెళ్లి కుదిరిందని డాక్టర్‌కు సిగ్గుపడకుండా చెప్పండి. ఆఖరి మాత్ర వేసుకున్నాక కనీసం నెల దాటేవరకు గర్భం రాకూడదు. సోరియాసిస్‌కిచ్చే ఇదే జాతి మందు ఎసిట్రెటిన్‌ అయితే మూడేళ్లు! కొత్త కోడల్ని “విశేషమేమైనా ఉందా?” అని అడిగే పెద్దలూ, ఆమెను ముందు డాక్టర్ దగ్గరికి పంపండి.

వాడుతుండగానే నెల తప్పిందా? వెంటనే ఆపి, ఆ రోజే గైనకాలజిస్టును కలవండి. ప్రతి బిడ్డకూ హాని జరుగుతుందని కాదు, కంగారుపడి సొంత నిర్ణయాలు తీసుకోకండి.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా పిండంలో జన్యువుల పనితీరును తారుమారు చేసేదే. దాన్ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పే. గర్భం గురించి ఆలోచించకముందే న్యూరాలజిస్టును అడిగి, మందు మార్చవచ్చేమో తెలుసుకోండి.